పుష్పావతి అండర్‌గ్రౌండ్

చిత్రాన్నం డబ్బా మూత నొక్కి, దాన్ని సంచిలో నిలువుగా పెట్టి, పొయ్యి ఆపి, అదే ఊపులో పుష్పావతి గోడకు తగిలించిన యూనిఫారం కోటు అందుకుంది. ఈ పనులు చేయడానికి ఆమెకు దీపం అక్కర్లేదు. కోరమాండల్‌లో బంగారు గనుల కూలీలకు వరుసగా కట్టిన లైన్లలో ఆమె పుట్టిన ఇల్లే అది. రెండు గదులు, ముందు రేకుల వసారా. ఏ వస్తువు ఎక్కడుందో కళ్ళకన్నా ముందు చేతులకే తెలుస్తుంది. ఈరోజు మాత్రం దీపం వేసింది. తండ్రి చొక్కాకు గుండీలు పెట్టాలి.

మునిశామప్ప మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. భుజాలు ఇంకా వెడల్పుగానే ఉన్నాయి గానీ ఛాతీ మాత్రం లోపలికి పోయింది. ముంజేతుల మీద చర్మం కింద నీలంగా మచ్చలున్నాయి. గనిలో డ్రిల్లింగ్ చేస్తూ గీరుకుపోయిన చోటల్లా రాతిపొడి ఇరుక్కుని, గాయం మానినా అది లోపలే ఉండిపోయింది. నోట్లో ఒక్క పన్ను లేదు. ఊపిరి తీస్తే గొంతులో గుర్రుమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వింటూనే పుష్పావతి పడుకుంటుంది, వింటూనే లేస్తుంది.

"చాలు పుష్పా. నేనేమన్నా పెండ్లికొడుకునా?"

"కెమెరా వస్తా ఉండాది అప్పా. గుండీలు పెట్టని చొక్కాతో పోతే నన్ను అంటారు."

"కెమెరా నాకేల? నేను నీ అండర్‌గ్రౌండ్ చూసేదానికి వస్తా ఉండా." ఆ మాట అంటూనే బోసినోటితో నవ్వాడు. 'నీ అండర్‌గ్రౌండ్' అన్నప్పుడల్లా ఆయన నవ్వుతాడు. బెంగళూరు మెజెస్టిక్‌లో మెట్రో స్టేషను తెరిచి, పుష్పావతికి అక్కడ హౌస్‌కీపింగ్ పని దొరికినప్పుడు మొదలైన నవ్వు అది. ఆరోజు ఆమె స్వీటు పొట్లంతో ఇంటికొచ్చి, "అప్పా, నాకు అండర్‌గ్రౌండ్‌లో పని!" అంది. గనుల ఊళ్ళో ఆ మాటకు ఎంత బరువుందో తెలిసే అంది. గనిలోకి దిగి పనిచేసే అండర్‌గ్రౌండ్ మనిషంటే లైన్లలో ఒక లెక్క. పెళ్ళి సంబంధాల దగ్గర, శెట్టి అంగట్లో అరువు దగ్గర, పండక్కి ఎవరు ముందు కూర్చోవాలన్న దగ్గర ఆ మాట పనిచేసేది. ఆడవాళ్ళెవరికీ ఆ పేరు రాలేదు. ఆడది గనిలో దిగకూడదని చట్టమూ చెప్పింది, లైన్లూ చెప్పాయి. మునిశామప్ప ఆ స్వీటు ముక్క చేతిలో పట్టుకుని దగ్గొచ్చేదాకా నవ్వాడు. "మెట్లు దిగితే అండర్‌గ్రౌండా? మా ఊరి బాయి అంతకన్నా లోతు" అన్నాడు.

ఆమె కూడా నవ్వేసింది. నవ్వేసింది గానీ ఆ మాట గుచ్చుకుంది, ఇన్నేళ్ళయినా ఊడి రాలేదు. యాభై దాటిన మనిషి, నర్సు ఉద్యోగం చేసే కూతురికి తల్లి, అయినా తండ్రి ఒక్కసారి ఆ మాట నవ్వకుండా అంటే బాగుండునని ఆమెకు ఉంది. ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఇంకా నవ్వుతారు.

ఈ ప్రయాణం కుదిరింది డాక్యుమెంటరీ వల్ల. పవిత్ర అనే బెంగళూరు అమ్మాయి వారం రోజులుగా లైన్లలో తిరుగుతోంది. గనుల ఊరి బతుకు మీద, వారసత్వం మీద చిన్న సినిమా తీస్తోందట. వెంట కెమెరా పట్టుకుని భరత్ అనే ఆయన. కెమెరాలు లైన్లకు కొత్త కాదు. గనులు మూతపడ్డాక పనికి కరువొచ్చింది గానీ కెమెరాలకు రాలేదు. ఎదురింటి సొన్నమ్మకైతే ఏ అరుగు మీద కూర్చుంటే ముఖం మీద వెలుతురు బాగా పడుతుందో కూడా తెలిసిపోయింది. కళ్ళు తుడుచుకోమంటే తుడుచుకుంటుంది. ఇంకోసారి అంటే ఇంకోసారి తుడుచుకుంటుంది.

మునిశామప్ప మాత్రం ఎవరికీ దొరకలేదు. కిందిది కిందే ఉండాలన్నది ఆయన తరం మనుషుల కట్టుబాటు. షిఫ్టు దిగి, ఒళ్ళు కడుక్కుని, తువ్వాలు దులిపాక గని ఊసు ఇంట్లోకి రాకూడదు. ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ అన్నేళ్ళు కాపురం చేసి, మొగుడు కింద ఏ పనిముట్టు పట్టుకునేవాడో తెలియకుండానే పోయింది. పవిత్ర మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలింది.

"మరి ఎక్కడ చెప్తారు తాతా?"

"కింద అయితే చెప్తా. పైన చెప్పను."

కింద అంటే ఇప్పుడు నీళ్ళు. గనిలోకి దిగే షాఫ్టుల నోళ్ళ దాకా నిండిపోయాయి. పవిత్ర భరత్ వైపు చూసింది. వసారాలో గిన్నెలు తోముతున్న పుష్పావతి అక్కడి నుంచే అంది. "అట్లయితే నా అండర్‌గ్రౌండ్‌కు రా అప్పా. నీళ్ళు లేవు, మూత కూడా పడలేదు."

ఆయన నవ్వాడు, దగ్గాడు, దగ్గు ఆగాక పైకప్పు కేసి చూశాడు. "సరి. యెంత లోతో చూస్తా పద" అన్నాడు.

పుష్పావతి మొగుడు సోమశేఖర్ తన ఆటోలో ఇద్దరినీ స్టేషను దగ్గర దింపాడు. తెల్లారుతున్న వెలుతురులో, బంగారం తీసేసిన మట్టి పోసిన సయనైడ్ దిబ్బలు బూడిదరంగుగా కనిపిస్తున్నాయి. రైలు మారికుప్పం నుంచి అప్పటికే సగం నిండి వచ్చింది. రోజూ పోయేవాళ్ళ పెట్టెలో ఎవరి చోటు వాళ్ళకుంటుంది. బట్టల కొట్టులో పనిచేసే రత్న, సాయంత్రం కూరకు బీన్సు కాయలు పొద్దున్నే ఒడిలో పోసుకుని తుంచే మనిషి, మునిశామప్పను చూసి కిటికీ సీటు ఖాళీ చేసింది. "రాప్పా, కూచో. ఇన్నేండ్లకు వచ్చినావు."

భరత్ ఎదురు సీటు మీద మోకాలు ఆనించి కెమెరా పెట్టాడు. మునిశామప్ప దానివైపు చూడలేదు. బంగారుపేట దాటాక రాగి చేలు, మామిడి తోపులు, పాలకేంద్రం ముందు వరుస కట్టిన క్యాన్లు ఒకటొకటిగా పోతుంటే వాటిని చూస్తూ కూర్చున్నాడు. పవిత్ర అప్పుడు పుష్పావతి వైపు తిరిగింది. "మీ గురించి చెప్పండి అక్కా."

"నా గురించి ఏముండాది? గని మూసేసినప్పుడు నాకు చంకలో బిడ్డ. ఇంట్లో అగరబత్తీలు చుట్టినా. తర్వాత గార్మెంట్స్‌లో కాలర్లు కుట్టినా. అందులో కండ్లు పోతాయని ఇది పట్టుకున్నా. ఈ రైల్లోనే బిడ్డకు జడ వేసినా, ఈ రైల్లోనే దానికి సంబంధం కుదిరింది. ఇంగేం కావాల?"

పవిత్ర రాసుకోబోయి ఆగింది. వాళ్ళకు కావలసింది షాఫ్టు, చీకటి, పేలుడు. పుష్పావతి ఆ ముఖం చూసి నొచ్చుకోలేదు. తన బతుకు సినిమాకు పనికిరాకపోతే సినిమాకే నష్టమన్నట్టు రత్న ఒడిలోంచి గుప్పెడు బీన్సు తీసుకుని తుంచడం మొదలుపెట్టింది.

మెజెస్టిక్ మెట్రో స్టేషనులో కెమెరాను గేటు దగ్గరే ఆపేశారు. లోపల తీయాలంటే పై ఆఫీసు నుంచి అనుమతి రావాలన్నారు. భరత్ వాదన పెట్టుకున్నాడు. పవిత్ర ఎవరెవరికో ఫోన్లు చేసింది. పుష్పావతి ఇద్దరినీ పక్కకు పిలిచింది. "ఊరికే అరిస్తే వాళ్ళకు అలవాటే. మీరు పైన టిఫిన్ తినండి. నేను డ్యూటీ చేసుకుంటా, అప్ప బెంచీ మీద కూచుంటాడు. ఏం చెప్పినాడో విని వచ్చి మీకు చెప్తా."

ఎస్కలేటరు దగ్గర చిన్న గొడవ జరిగింది. గనిలోకి దింపే ఇనుప బోను ఎక్కేముందు దాని గడపను తాకి కళ్ళకద్దుకోవడం మునిశామప్పకు అలవాటు. ఆయన వంగి మొదటి మెట్టు ముట్టుకోబోయాడు. మెట్టు ఆయన కోసం ఆగలేదు. చెయ్యి ముందుకు పోయింది, మనిషి వెనక ఉండిపోయాడు. పుష్పావతి రెక్క పట్టి లేపేసరికి వెనక జనం ఆగి, ఆఫీసు బ్యాగులవాళ్ళు సణుగుతున్నారు.

"ఇది ఊరికే ఉండదా?"

"ఉండదు అప్పా. దండం పెట్టాలంటే మనసులో పెట్టుకో."

రెండో ఎస్కలేటరు కూడా దిగాక ప్లాట్‌ఫాం వచ్చింది. దిగినంతసేపూ ఆయన కాళ్ళకింద చూసుకోలేదు, పైకప్పునే చూశాడు. బెంచీ మీద కూర్చోబెట్టి, ఆమె కోటు తొడుక్కుని, మాపు కర్ర తెచ్చుకునేసరికి ఆయన బెంచీ పక్కన గోడను వేళ్ళ కణుపులతో తట్టి చూస్తున్నాడు.

"నీళ్ళు వస్తే?"

"పంపులు ఉండాయి."

"గాలి?"

"అదో, ఆ గొట్టాల్లోంచి."

"కరెంటు పోతే?"

"ఒకసారి పోయింది అప్పా. అంతా అరిచినారు. నేను కదల్లేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడినా."

"అట్ల నిలబడమని యెవరు చెప్పినారు?"

"యెవరు చెప్తారు? నాకే తోచింది."

ఆయన ఆమెను కాసేపు చూశాడు. ఊఁ అన్నాడు. ఇక నవ్వకుండా ఆ మాట అంటాడని ఆమెకు అనిపించింది. మాపు నేలకు ఆనించి నిలబడింది కూడా. ఆయన చేతులు రుద్దుకుని, "చల్లగా ఉండాది. అండర్‌గ్రౌండ్ అంటే ఒళ్ళు ఉడికిపోవల్ల. ఇది కల్యాణమంటపం మాదిరి ఉండాది" అన్నాడు.

పుష్పావతికి ఒళ్ళు మండింది. బకెట్టు తోసుకుంటూ ప్లాట్‌ఫాం ఆ చివరికి పోయి, ఎప్పుడూ తుడిచేదానికన్నా గట్టిగా తుడిచింది. మురికి లేని చోట కూడా తుడిచింది. ఇంత దూరం మోసుకొచ్చి చూపిస్తే కల్యాణమంటపమా! ఈ మనిషికి రాయి తప్ప ఏదీ ఆనదు. ఎవరి గొప్ప వాళ్ళు పట్టుకుని కూర్చోనీ, నా పని నాకు తెలుసు అనుకుంది. అనుకుంటూనే మధ్యమధ్య తలెత్తి ఆయన అక్కడే ఉన్నాడా అని చూసుకుంది. ఆయన గడ్డం ఛాతీకి ఆనించి కునుకు తీస్తున్నాడు.

మధ్యాహ్నం కాలేజీలు వదిలే వేళకు ప్లాట్‌ఫాం నిండింది. రైలు వెలుతురు సొరంగంలో కనిపించగానే నలుగురైదుగురు పిల్లలు పసుపు గీత దాటి ముందుకు పోయారు. సెక్యూరిటీ గార్డు ఉమేశ్ జేబులోంచి ఈల తీసి గట్టిగా ఊదాడు. రోజుకు ఎన్నిసార్లు ఊదుతాడో అతనికే తెలియదు. పుష్పావతి చెవులకైతే అది వినిపించడం మానేసి ఏళ్ళయింది.

మునిశామప్ప దిగ్గున లేచాడు. కర్ర లేదు, ఆసరా లేదు. లేచిన మనిషి గుంపును చీల్చుకుంటూ నేరుగా ఉమేశ్ దగ్గరికి పోయి, ఈల పట్టుకున్న చెయ్యి మణికట్టు దగ్గర దొరకబుచ్చుకున్నాడు.

"యెవుడ్రా నీకు చెప్పింది? అండర్‌గ్రౌండ్‌లో ఈల వేస్తావా? పైన యెంత రాయి ఉండాదో తెలుసునా నీకు? నా బిడ్డ పనిచేసే చోటు ఇది!"

రైలు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎక్కాల్సినవాళ్ళు కొందరు ఎక్కడం మరిచిపోయి చూస్తున్నారు. మాపు చేతపట్టుకుని పరుగెత్తుకొస్తున్న పుష్పావతి సగం దారిలోనే ఆగిపోయింది.

గనిలో ఈల వేయకూడదు. ఎవరూ వేయరు. ఈలకు రాయి లేస్తుందని పాతవాళ్ళ భయం. రాయి పగిలేముందు చేసే సన్న చప్పుడు ఈలలో కలిసి వినిపించకుండా పోతుందని మేస్త్రీలు చెప్పేవారు. భయం ఏదైనా కట్టుబాటు ఒకటే. అది గని దాటి ఇళ్ళలోకి కూడా వచ్చింది. కొత్త అల్లుడుగా వచ్చినప్పుడు సోమశేఖర్ గడ్డం గీసుకుంటూ ఏదో పాట ఈల వేస్తే, మునిశామప్ప సబ్బు నురగతో ఉన్నవాణ్ణి ఉన్నట్టే వీధిలో నిలబెట్టాడు. కానీ బజార్లో పోలీసు ఈల వేస్తే, బస్సులో కండక్టరు వేస్తే ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. అది పైన. గని, ఇల్లు తప్పితే ఈలకు ఆయన కోపం తెచ్చుకున్న చోటు ఇదొక్కటే.

ఆమెకు కళ్ళలో నీళ్ళు నిండాయి. ఆపుకోలేదు, తుడుచుకోనూ లేదు. ఒక చేతిలో మాపు, ఇంకో చేతిలో తడిగుడ్డ. అలాగే పోయి తండ్రి చెయ్యి విడిపించింది.

"నా డ్యూటీ తాతా. గీత దాటితే ఊదల్ల" అన్నాడు ఉమేశ్. ముళబాగలు వైపు పిల్లవాడు. తెల్లబోయాడు గానీ విసుక్కోలేదు.

"డ్యూటీ అయితే చెయ్యెత్తి ఆపు. గొంతు లేదా నీకు?"

"యెవరక్కా ఈ తాత?"

"మా నాయన. గనిలో డ్రిల్లింగ్ మనిషి."

ఉమేశ్ ఈలను, ముసలాయనను మార్చి మార్చి చూశాడు. నవ్వాడు. ఈల జేబులో వేసుకున్నాడు. ఆయన అక్కడున్నంతసేపూ అతను ట్రాఫిక్ పోలీసులా రెండు చేతులూ చాపి, "వెనక్కి రండి స్వామీ, వెనక్కి!" అని అరుస్తూనే ఉన్నాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి ఉంటుంది.

పుష్పావతి తండ్రిని బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది. ఆయన ఊపిరి చాలాసేపటికి గానీ దారికి రాలేదు. రొమ్ము రాస్తూ ఆమె అడిగింది.

"ఇప్పుడేమన్నావు అప్పా?"

"ఏమన్నా?"

"అండర్‌గ్రౌండ్ అన్నావు."

"అన్నానా?"

"అన్నావు. ప్లాట్‌ఫాం అంతా విన్నాది."

ఆయన పైకప్పు వైపు చూశాడు, సొరంగం నోటివైపు చూశాడు, తడి ఆరని నేలను చూశాడు. నవ్వుతాడేమోనని ఆమె కాచుకుంది. నవ్వలేదు.

"అంటే అన్నా. ఉండేదే కదా అన్నా" అన్నాడు. "ఇంగ పని చూసుకోపో. మేస్త్రీ వస్తాడు" అని ఆమె భుజం మీద చెయ్యి వేసి తోశాడు. షిఫ్టులో తోటివాణ్ణి తోసే తోపు అది.

మిగిలిన డ్యూటీ ఎలా గడిచిందో పుష్పావతికి తెలియదు. సూపర్‌వైజరు ఏదో అడిగితే గొంతెత్తి జవాబు చెప్పింది. ఎస్కలేటరు పక్క అద్దం తుడుస్తూ, అందులో తన కోటును, కోటు మీది పేరును చూసుకుని కాలరు సర్దుకుంది.

పైన పవిత్ర ఎదురొచ్చింది. ఆ పిల్ల పొద్దున్నుంచీ అక్కడే ఉంది, పాపం. "చెప్పారా తాతా? కింద ఏం చెప్పారు?"

"ఈల వెయ్యొద్దన్నా" అన్నాడు మునిశామప్ప.

పవిత్ర ఇంకా ఏదో వస్తుందని చూసింది. ఆయన రోడ్డు దాటడానికి కూతురి చెయ్యి అందుకున్నాడు. పుష్పావతి పగలబడి నవ్వింది. "మళ్ళా వారం రామ్మా. నన్ను అడుగు, అంతా నేను చెప్తా. ఈసారి అండర్‌గ్రౌండ్ మాట నేనే చెప్తా" అంది. పవిత్ర కూడా నవ్వి, సరేనంది. ఇద్దరూ రైలు దాకా వచ్చి సాగనంపారు; రైలు కదిలేదాకా భరత్ బయట నిలబడి కిటికీ మీది నుంచి కెమెరా తిప్పలేదు.

కృష్ణరాజపురంలో చెనక్కాయల మనిషి ఎక్కాడు. మునిశామప్ప పొట్లం కొనమన్నాడు.

"నీకు పండ్లు యాడుండాయి అప్పా?"

"నీకే. పొద్దున్నుంచి ఏం తిన్నావు నువ్వు?"

ఎదురుగా రత్న కూర్చుని ఉంది. పుష్పావతి ఆమెకు జరిగిందంతా చెప్పింది. ఉమేశ్ ముఖం ఎలా అయిందో, జనం ఎలా నిలబడిపోయారో, మెట్టుకు దండం పెట్టబోతే ఏమైందో, అన్నీ రెండేసిసార్లు చెప్పింది. పెట్టెలో సగంమంది విన్నారు. మునిశామప్ప కిటికీ పక్క తలదించుకుని, పొట్లం ఒళ్ళో పెట్టుకుని, మొద్దు వేళ్ళతో ఒక్కొక్క కాయే నొక్కుతున్నాడు. టేకల్ దాటాక పుష్పావతికి కళ్ళు మూతపడ్డాయి. రైల్లో ఎప్పుడూ నిద్రపోని మనిషి తండ్రి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

చప్పుడు లేకపోవడం వల్ల మెలకువ వచ్చింది. రైలు బంగారుపేటలో ఆగి ఉంది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు, టీ అమ్మేవాడు అరుస్తున్నాడు. వినిపించనిది ఒక్క గుర్రుమనే ఊపిరి. ఆమె తల కదపకుండా కొంచెంసేపు అలాగే ఉంది. తర్వాత నెమ్మదిగా లేచి, ఆయన ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూసింది. ముఖంలో ఏ బాధా లేదు.

"రత్నా, నాయన పోయినాడు."

రత్న నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఎవరో దింపుదామన్నారు, ఎవరో పోలీసులకు చెప్పాలన్నారు. పుష్పావతి తండ్రి తల తన భుజానికి ఆనించుకుని, తువ్వాలు సర్ది, గట్టిగా పట్టుకుంది. "వద్దు. కోరమాండల్ దాకా నాతోనే వస్తాడు. షిఫ్టు ముగించుకుని ఇంటికి పోతా ఉండాడు" అంది. అప్పుడు ఏడ్చింది. సీటు కోసం రోజూ తోసుకునే జనం ఆ వరుస మొత్తం ఖాళీ చేసి నిలబడ్డారు.

కోరమాండల్‌లో రోజూ పోయివచ్చే మగవాళ్ళు నలుగురు ఆయనను ఎత్తుకుని దించారు. పుష్పావతి ఆయన తల పట్టుకుని వెంట దిగింది. రత్న సంచీ, చెప్పులూ తీసుకుంది. తొందరలో ఎవరూ వెనక్కి చూడలేదు. రైలు మారికుప్పం వైపు కదిలింది.

కిటికీ పక్క సీటు మీద కాగితం పరిచి ఉంది. దాని మీద ఒక్క తొక్క కూడా లేకుండా ఒలిచి, పొట్టు ఊదేసి, కుప్ప పోసిన చెనక్కాయ గింజలున్నాయి.